పిడికిటి కుండ

గడచిన డిసెంబరు మాసమున, సెలవులకు ముందటి వారములో, తొమ్మిదవ తరగతి పిల్లలకు నేనొక వ్యాసవిషయము నిచ్చితిని. "ఈ సంవత్సరమున దేవుడు నాకు చేసిన మేళ్లు" అనునదియే ఆ విషయము. మిషను పాఠశాలలలో క్రిస్మసు సమీపించినప్పుడు ఇట్టి విషయము నిచ్చుట పరిపాటి. ఉపాధ్యాయునకు శ్రమ తక్కువ. పిల్లలకును తడవుకొన పనిలేదు. తల్లిదండ్రులు, ఆరోగ్యము, క్రొత్త బట్టలు, అర్ధసంవత్సర పరీక్షలో వచ్చిన గుణములు, వీనిని వరుసగా వ్రాసి, చివర దేవునికి స్తోత్రమని ముగించిన చాలును. అందఱును అట్లే వ్రాసిరి. పెద్దపంజాణి వైపునుండి వచ్చి వసతిగృహమున నుండు ఒక బాలుడు మాత్రము కాగితమును తెల్లగానే ఉంచుకొని కిటికీ వంక చూచుచుండెను.

"ఏమిరా, వ్రాయవా?" అని యడిగితిని.

"వ్రాసేదానికి ఏమీ లేదు సార్. మా నాయన టొమాటోలు బండితో సహా తెచ్చి రోడ్డు ప్రక్కన పారబోసినాడు. కోత కూలి కూడా రాలేదు" అనెను.

మొదట నాకు కోపము వచ్చినదని దాచనేల? నాలుక చివర నొక వాక్యము సిద్ధముగా నుండెను. ఊపిరి యున్నది గదా, కన్నులున్నవి గదా, పూట పూటకు అన్నమున్నది గదా అని ప్రారంభమగు వాక్యమది. ఇట్టి వాక్యములు ఉపాధ్యాయులకు కంఠస్థములు. కాని ఆ మాట పెదవి దాటలేదు. అదే వయస్సున, అదే మాసమున, అదే నేలమీద, అట్లే ముఖము వ్రేలవేసికొని కూర్చున్న మఱియొక బాలుడు నా కన్నులకు కట్టెను. ఆ బాలుడు నేనే. అది 2002వ సంవత్సరము.

మా ప్రాంతము నెఱుగని చదువరులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. పుంగనూరు, పలమనేరుల పొరుగున నున్న పెద్దపంజాణి భూములు మెట్టభూములు. మాకు నది లేదు; చెఱువులున్నవి. చెఱువులకు వాన దిక్కు. వాన వచ్చిన ఏట వేరుసెనగయు, రాగియు, చెఱకును పండును. రాని ఏట రైతు బెంగుళూరు బస్సెక్కును. అమెరికా దేశపు రిఫార్మ్‌డ్ సంఘమువారి ఆర్కాటు మిషను ఈ సీమకు వచ్చిన తొలి దినములనుండియు ఇచ్చటి సంఘములు కరవును ఎఱిగిన సంఘములే. జేకబ్ చేంబర్లేను దొరగారు మదనపల్లెలో మిషను స్థానము నేర్పఱచినది 1863లో. ఆ సంవత్సరముననే, ఆయన దేశములో అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకొనుచుండగా, అధ్యక్షుడైన లింకను నవంబరు మాసపు కడపటి గురువారమును కృతజ్ఞతాదినముగా ఆచరింపుడని ప్రకటించెను. యుద్ధము ముగిసిన పిమ్మట కాదు, యుద్ధము నడుమ. చిన్నప్పుడు ఈ సంగతి చదివి, ఇది యేమి వింత యనుకొంటిని. ఇప్పుడంత వింతగా తోచదు.

2002లో దేశమంతటను నైరుతి ఋతుపవనములు మోసపుచ్చినవి. మా చేనిలో వేరుసెనగ మొలిచినది గాని ఊడ దిగలేదు. పెఱికి చూడగా నేలలో గోరంత కాయలు. చిదిమిన గింజ లేదు. రాగి వెన్ను పాలు పట్టకముందే ఎండి పశువుల మేత యైనది. నాయన దీపావళి పోయిన వెంటనే ఒక మేస్త్రీ వెంట బెంగుళూరు పోయెను. ఇంట మా యమ్మ, అవ్వ, నేను, నా చెల్లెలు మిగిలితిమి. రెండుపూటల సంగటి ఒకపూట సంగటి యైనది. రెండవ పూటకు అంబలి.

మా యవ్వకు చదువు రాదు. కాని ఆమెకొక నియమముండెను. సంఘపు స్త్రీలు వంటకు గింజలు కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేఱుగా నుంచి గుడికి తెచ్చుట దక్షిణదేశమున చాల సంఘములలో నున్న వాడుక. మా యింట పొయ్యికి ఎడమప్రక్కన, దానికొఱకే ఒక మట్టికుండ యుండెను. దానిని పిడికిటి కుండ యనుచుంటిమి. తక్కిన నెలలలో కూడినదానిని అవ్వ ఎప్పటికప్పుడు గుడిలో ముట్టజెప్పెడిది. అక్టోబరు మొదలుకొని కూడినదానిని మాత్రము క్రిస్మసుకు ముందటి ఆదివారమున జరుగు పంటపండుగకు నిలువయుంచెడిది. ఆ యేట ఇంట గింజ తగ్గినది గాని పిడికెడు తగ్గలేదు. మా యమ్మ ఒకనాడు "అత్తా, ఈ యేడు దేవుడేమీ అనుకోడులే" యని మెల్లగా ననగా, అవ్వ వినబడనట్లే చేయి కడుగుకొని లేచిపోయినది. నాకు అమ్మ పక్షమే న్యాయముగా తోచెను. పంటనియ్యని దేవునికి పంటపండుగ యేమి? అప్పిచ్చినవాడు అడుగవలసినదే గాని, అప్పియ్యనివాడును అడుగునా? పదుమూడేండ్ల తర్కమది. దానికి జవాబు నేటికిని సులభము కాదు.

ఇక నా అపరాధము. క్రిస్మసు నెలలో మా వీధిలో ప్రతి యింటిమీదను నక్షత్రము కట్టుదురు. వెదురు బద్దలు చీల్చి, ఐదు కొనల చట్రము కట్టి, రంగు కాగితము అతికి, లోపల దీపము పెట్టి, పొడుగుపాటి గడకు వ్రేలాడదీయుదురు. ఏటేట మా నక్షత్రమును నాయన చేసెడివాడు. ఆ యేడు నాయన లేడు, కాగితమునకు డబ్బు లేదు. మా యింటి కప్పు ఒక్కటే చీకటిగా నుండెను. నా చెల్లెలు ప్రతి సాయంకాలమును ఎదురింటి నక్షత్రము క్రింద పోయి నిలుచుండెడిది. దీనిని సాకుగా చెప్పుట లేదు. చెల్లెలికంటె నాకే ఆ చీకటి ఎక్కువ సిగ్గుగా నుండెనన్నది నిజము.

ఒక మధ్యాహ్నము ఎవ్వరును లేనప్పుడు పిడికిటి కుండలోని రాగులను గోనెగుడ్డలో పోసికొని అంగడికి పోయితిని. రెండు పడులకు కొంచెము మించినవి. అంగడియాయన తూచి పదునెనిమిది రూపాయలిచ్చెను. ఎఱ్ఱకాగితము, పచ్చకాగితము, దారపుండ, మైదాపిండి కొంటిని. ఆ రాత్రికే నక్షత్రము లేచినది. చెల్లెలు గంతులు వేసినది. అమ్మ "డబ్బు ఎక్కడిదిరా?" యనగా, స్నేహితుడిచ్చెనంటిని. అవ్వ వాకిట నిలిచి, చేయి కనుబొమలకు అడ్డముపెట్టి, చాలసేపు నక్షత్రమును చూచినది. ఏమియు ననలేదు. లోపలికి పోయి, ఆ పూట కొలత నుండి పిడికెడు తీసి కుండలో వేసినది. వట్టి కుండలో గింజలు పడిన చప్పుడు నాకు వినబడెను. నిండుగా నున్నప్పుడు ఆ చప్పుడు రాదు.

పండుగనాడు, అనగా డిసెంబరు 22వ తేది, దేవాలయపు వాకిట అరటికంబములు నాటిరి. ఆ కరవులోను జనులు వట్టిచేతులతో రాలేదు. గుమ్మడికాయ, రెండు కోడిగ్రుడ్లు, చింతపండు ముద్ద, బావిక్రింద పండిన నాలుగు చెఱకుగడలు, ఒక ముసలాయన తెచ్చిన చీపురుకట్ట, ఇవి బల్లముందు చేరినవి. అయ్యగారు హబక్కూకు గ్రంథమునుండి ప్రసంగించిరి. తోటలో పండు, పొలములో పంట, దొడ్డిలో పశువు, ఏదియు లేకపోయినను సంతోషింతునని తీర్మానించుకొన్న ప్రవక్త మాటలవి. ఆ ప్రవక్తకు చెల్లెలు లేదు కాబోలునని నేను లోపల గొణుగుకొంటిని. స్త్రీలు వరుసగా వచ్చి తమ కుండలను పెద్ద గంపలో కుమ్మరించిరి. మా యవ్వ వంతు వచ్చినది. తొమ్మిది పిడికెళ్లు! కుండ వంచగా కొంతవఱకు ఏమియు రాలేదు. తరువాత గలగలమని రాలి నిమిషములో ముగిసినది. ఏటేట నిండుగా తెచ్చునామె యగుటచే అందఱును చూచిరి. అవ్వ తల వంచలేదు. అయ్యగారివైపు తిరిగి, "ఈ యేడు మా యింటి గింజ నక్షత్రమైపోయిందయ్యా. అది కూడా ఆయనకే" అనెను.

జనులు నవ్విరి. అదేదో ముసలివారి చమత్కార మనుకొనిరి. అయ్యగారును చిఱునవ్వు నవ్విరి. నాకు మాత్రము నేల చీలిన బాగుండుననిపించినది.

తరువాత వేలము పాట జరిగెను. కోతపండుగ వేలము చూడనివారికి చెప్పెదను: కొనినవాడు వస్తువును తీసికొనిపోవలెనని లేదు, డబ్బిచ్చి మరల దానినే కానుకగా పెట్టవచ్చును. ఒక గుమ్మడికాయ ఆ విధముగా మూడు నాలుగు చేతులు మాఱి, చివరకు తన వెలకు ఎన్నియో రెట్లు తెచ్చును. ఆ యేడు జేబులలో డబ్బు లేక పాట త్వరగా ముగిసినది. ముసలాయన చీపురుకట్టను మాత్రము ముగ్గురు పట్టుదలతో పాడిరి. ఎందుకో తెలియదు, నవ్వుటకు వారికదియే దొరకినది కాబోలు.

ఆ రాత్రి నేను అవ్వ మంచము ప్రక్కకు పోయి, అంతయు చెప్పుకొంటిని. ఏడ్చితిని గూడ. ఆమె ఓదార్చునని నా యాశ. ఆమె ఓదార్చలేదు.

"తెలుసులేరా. నక్షత్రం బాగుంది. కానీ ఆ రాగులు నీవీ కావు, నావీ కావు. స్తోత్రం నేను చెప్పినాను, అప్పు నువ్వు తీర్చు" అనెను.

ఈ మాటను నేను ఎన్ని ప్రసంగములు విన్నను మఱువలేదు. మేలు పొందినందుకు స్తోత్రము చెప్పుట వేఱు. ఒకరికి చెల్లింపవలసినది చెల్లించుట వేఱు. మనము తఱచుగా మొదటిదానితో రెండవదానిని కప్పివేయుదుము. క్రిస్మసు సభలో నిలిచి సాక్ష్యము చెప్పునప్పుడు మనకు మాటలు పుష్కలముగా దొరకును. ఆ సభకు బల్లలు మోసిన కూలివానికి సాయంకాలమువఱకు కూలి యియ్యము. జక్కయ్య చెట్టు దిగి సంతోషముతో ప్రభువును చేర్చుకొన్నాడు; అంతటితో నూరకుండక ఎవరెవరికి ఎంత తిరిగి యియ్యవలెనో లెక్క చెప్పినాడు. ఆ లెక్క లేనిచో ఆ విందు నాకు రుచింపదు.

రెండు పడుల రాగులు సంపాదించుట కరవుకాలమున చిన్న పని కాదు. మా పొరుగున ఒక రైతు బావిలో కొంచెము నీరుండెను. ఆయన మా మతమువాడు కాడు. సెలవు దినములలో ఆయన ఆవులకు నీరుతోడి, కసవు తీసి, మేపుకొని వచ్చు పని కుదుర్చుకొంటిని. అందులో పుంగనూరు జాతి ఆవు ఒకటి యుండెను. అది గట్టిగా నా నడుమంత ఎత్తు. కోపము మాత్రము ఎద్దంత. సంక్రాంతి మఱునాడు పసుల పండుగ. ఆవులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలకు దండలు వేసి, సాయంకాలము ఊరిముందు మంట దాటించిరి. వాన లేని ఏట, పాలు తగ్గిన ఏట, ఆ రైతు తన ఆవు ముందు చేతులు జోడించి నిలుచుండుట చూచి నేను తెల్లబోయితిని. ఆయనకు హబక్కూకు తెలియదు. పండుగ పిమ్మట ఆయన నాకు రాగులు కొలిచి యిచ్చెను. మాటాడినది రెండు పడులు, ఇచ్చినది మూడు. "ఆ మూడవది ఎందుకు మామా?" యనగా, "నీ కూలి రెండు. మూడవది పండుగది" అనెను.

పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా, తిరిగి వచ్చి వందనము చెప్పినవాడొక్కడే. వాడును పరాయివాడు, సమరయుడు. ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు తొమ్మండుగురి కృతఘ్నతను గూర్చియే మనము ఎక్కువగా మాటాడుదుము. ఆ పదవవాడు మనవాడు కాడన్న సంగతిని త్వరగా దాటిపోవుదుము. ఆ రైతు మూడవ పడిని కొలుచుచున్న నాటినుండి నేను దానిని దాటిపోజాలకున్నాను.

తెలుగున నొక విశేషమున్నది. 'కృతజ్ఞత' పుస్తకపు మాట. చేసినదానిని ఎఱిగియుండుట యని దాని యర్థము. మా యవ్వ నోట ఆ మాట ఎన్నడును వినలేదు. ఆమె 'విశ్వాస' మనెడిది. "తిన్నింటి విశ్వాసము", "కుక్కకున్న విశ్వాసము" అని ఊరిలో జనులు చెప్పుకొను మాట యిదియే. గుడిలో దేవుని నమ్ముటకును ఈ మాటయే వాడుదుము. రెండర్థములకు ఒక్క మాట దొరకుట మన భాష చేసిన మేలు. మేలు చేసినవానిని మఱువకుండుటయు, కానరానివానిని నమ్ముటయు ఆమెకు రెండు పనులు కావు, ఒక్క పిడికెడే.

అన్నము పెట్టి విశ్వాసము కొనవచ్చునా యను ప్రశ్నయు ఇచ్చటనే పుట్టును. క్రైస్తవులు అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరను నింద తెలుగుదేశమున పాతది. 1876 మొదలు 1878 వఱకు నడచిన మహాక్షామమున, ఒంగోలులో క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. జనులు బాప్తిస్మమడిగిరి. సహాయము పంచుచున్నన్నాళ్లు ఆయన ఇయ్యనని నిరాకరించిరి. క్షామసహాయము ముగిసిన పిమ్మటనే సమ్మతించిరి. అప్పుడు 1878 జూలై 3వ తేదిని ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనవారు గర్వముతో చెప్పుకొందురు. నాకు ఆ సంఖ్యకంటె ఆ నిరాకరణమే గొప్పదిగా తోచును. ఇచ్చినవాడు వందనము నడుగక చేయి వెనుకకు తీసికొన్నాడు. గంజి త్రాగినవారు గంజి నిలిచిపోయిన పిమ్మట గూడ తిరిగి వచ్చిరి. నా పూర్వులును ఎచ్చటనో ఏదో కరవులో ఒకరి చేతి గంజి త్రాగినవారే యైయుందురు. దానికి నేను సిగ్గుపడను. త్రాగి మఱచిన సిగ్గుపడవలెను.

కష్టకాలపు స్తోత్రమునుగూర్చి మాటాడునప్పుడు నాకు మఱియొక మనుష్యుడు జ్ఞాపకము వచ్చును. జర్మనీ దేశమున ఐలెన్‌బుర్గు అను పట్టణపు బోధకుడు మార్టిన్ రింకార్టు. 1618 నుండి 1648 వఱకు జరిగిన ముప్పదేండ్ల యుద్ధమున, 1637లో ఆ పట్టణమును తెగులు పట్టుకొనెను. ఆ యొక్క సంవత్సరమున ఆయన నాలుగువేలకు పైబడిన శవములకు సమాధి ప్రార్థనలు చేసెను. అందులో నొకటి ఆయన భార్యది. లోకమంతట నేడు పాడబడుచున్న ఒక స్తోత్రగీతము ఆ యుద్ధకాలమున ఆయన వ్రాసినదే. అది మొదట ఇంటివారు భోజనపు బల్లయొద్ద చెప్పుకొనుటకు వ్రాసిన చిన్న ప్రార్థన. దేవాలయము కొఱకు కాదు, పొయ్యి ప్రక్కకు. పిడికిటి కుండ యుండు చోటికే యన్నమాట.

ఇంతయు ఆ తెల్లకాగితపు బాలునికి నేను చెప్పలేదు. దొంగతనపు కథ మాత్రము చెప్పితిని. ఉపాధ్యాయుడు దొంగయని తెలిసి వాడు చాల శ్రద్ధతో వినెను. పదునెనిమిది రూపాయలకు ఏమేమి కొంటినో రెండుసార్లు అడిగెను. నేను అప్పు తీర్చితినా యని గూడ అడిగెను. తీర్చితిని: 2003వ సంవత్సరపు జనవరి మాసపు కడపటి ఆదివారమున మూడు పడులను అవ్వ యెదుట కుండలో పోసితిని. ఆమె రెండు పడులను గుడికి పంపి, మూడవదానిని ఆ సాయంకాలము సంగటికి పెట్టినది. ఆవుల రైతును పిలువనంపినది గూడ. ఆయన రాలేదు గాని, గిన్నె పంపగా పుచ్చుకొనెను.

"మేలు ఏదియు కనబడనిచో, కనబడినదే వ్రాయుము. అబద్ధము మాత్రము వ్రాయకుము" అని ఆ బాలునికి కాగితము తిరిగి యిచ్చితిని.

మఱునాడు తెచ్చి యిచ్చెను. నాలుగే పంక్తులు. టొమాటో గంపలు ఎన్నియో, అప్పు ఎంతయో మొదటి రెండు పంక్తులలో నున్నవి. పిమ్మట, పారబోసిన కాయలను ఊరి ఆవులన్నియు మూడు దినములు తిన్నవనియు, వాని మూతులన్నియు ఎఱ్ఱగా నుండెననియు, చూచి వాళ్ల నాయన ఆ నెలలో మొదటిసారి నవ్వెననియు వ్రాసియుండెను. అక్షరదోషములు మూడున్నవి. వానిని దిద్దక కాగితమును దాచియుంచితిని.